కొన్ననాడు కాదు, విప్పిననాడు

శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో 1990లలో పెరిగిన కుర్రాళ్ళకు స్పోర్ట్స్ కారు అంటే సినిమా తెర మీద మెరిసి వెళ్ళిపోయేది. రోడ్డు మీద కనిపించి రాత్రి నిద్ర పట్టనివ్వనిది మాత్రం యమహా ఆర్ఎక్స్ 100. పర్లాకిమిడి రోడ్డులో ముందు దాని చప్పుడు వచ్చేది, తర్వాత బండి, అది దాటిపోయాక సన్నటి పొగ, కాలిన ఆయిల్ వాసన. ఇంట్లో సైకిలు అడగడానికే జంకే రోజులవి. బండిగల ఆసామి స్టాండు వేసి టీ తాగుతుంటే, ఆ ట్యాంకు మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడడమే భాగ్యం.

ఆ కుర్రాళ్ళకు ఇప్పుడు నలభై దాటాయి. కొందరు హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో ఏళ్ళ తరబడి పనిచేసి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నారు. కొందరు ఇక్కడే ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో కుదురుకున్నారు. పిల్లల చదువులు ఒక దారికొచ్చాక ఆ బండిని వెతుక్కుంటున్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. అయితే షోరూముకు వెళ్ళి కొనే వీల్లేదు. 1996 మార్చిలోనే ఆర్ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. ఎంత బాగున్నది దొరికినా అది పాతికేళ్ళు దాటిన బండే. దాన్ని విప్పాలి, తుప్పు గీకాలి, అరిగినవి మార్చాలి, మళ్ళీ కూర్చాలి. ఈ పని చుట్టూ మన ఊళ్ళ మెకానిక్కుల చేతుల్లో ఒక విద్య నిలిచి ఉంది. డబ్బు చెల్లించినంత మాత్రాన ఇలాంటి బండి మనదైపోదని నా గట్టి నమ్మకం. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలిసి, ఏది మార్చాలో ఏది ముట్టుకోకూడదో తేల్చుకున్నాకే అది మనదవుతుంది.

నూరు సీసీలో అంత లాగుడు ఎక్కడిది?

1980ల మధ్యలో జపాన్ కంపెనీల సాయంతో నూరు సీసీ బళ్ళు మన దేశంలోకి వరసగా వచ్చాయి. టీవీఎస్‌తో సుజుకీ, హీరోతో హోండా, బజాజ్‌తో కవాసకీ చేతులు కలిపాయి. అప్పటికే రాజ్‌దూత్ తయారుచేస్తున్న ఎస్కార్ట్స్ కంపెనీ 1985లో యమహాతో కలిసి ఆర్ఎక్స్ 100ను తెచ్చింది. హీరో హోండా పెట్రోలు పొదుపుకు పేరు పడితే, ఇది లాగుడుకు పేరు పడింది. 11 హార్స్‌పవర్ శక్తికి బండి బరువు నూరు కిలోల పైచిలుకే. ఆ రోజుల్లో అంత తేలిక బండికి అంత శక్తి ఇవ్వడమే పెద్ద విశేషం.

దీని గుట్టు టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఉంది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట పుడుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒక మంట. ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు, క్యామ్‌లు ఇందులో కనిపించవు. సిలిండరు గోడకు ఉన్న పోర్టులను పిస్టనే పైకీ కిందికీ ఆడుతూ మూస్తుంది, తెరుస్తుంది. కార్బరేటరుకూ ఇంజన్‌కూ మధ్య రీడ్ వాల్వు ఉంటుంది. అందులోని పల్చటి రేకులు ఇంజన్ పీల్చినప్పుడు తెరుచుకుంటాయి, లోపలికెళ్ళిన పెట్రోలు మిశ్రమం వెనక్కి తన్నకుండా మూసుకుంటాయి. యమహా దీనికి టార్క్ ఇండక్షన్ అని పేరు పెట్టింది. తక్కువ వేగంలో కూడా బండి తడబడకుండా అందుకోవడంలో ఈ చిన్న రేకుల పాత్ర పెద్దది.

ముందు కాగితాలు

మనది సరిహద్దు ఊరు. బేరానికొచ్చే బళ్ళలో ఒడిశా రిజిస్ట్రేషన్‌వీ ఉంటాయి. రంగు చూసి మురిసిపోయే ముందు ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీలో ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడాలి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడ పన్ను కట్టి, మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి. 15 ఏళ్ళు దాటిన బండికి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు ఐదేళ్ళకోసారి. ఏపీ 30 నంబరు ప్లేటుతో సిక్కోలు (శ్రీకాకుళం) బండే దొరికితే ఆ ముచ్చట వేరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక కొత్త బళ్ళకు జిల్లా గుర్తు లేకుండా పోయింది.

మార్పుల విషయంలో చట్టం హద్దు గీసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. నాకు ఈ హద్దు అడ్డంకిగా తోచదు. ఆర్ఎక్స్ 100లో చేయదగ్గ గొప్ప పనులన్నీ దానికి లోబడే చేసుకోవచ్చు.

ఇంజన్ దింపాక

మంచి మెకానిక్ పానా పట్టుకోడు ముందు. చల్లారిన ఇంజన్‌ను ఒక్క కిక్కు కొట్టి, చెవి పెట్టి వింటాడు. సిలిండరు దగ్గర టకటకమంటే పిస్టన్ వదులైందని, కింద గరగరమంటే క్రాంకు బేరింగు పోయిందని గ్రహిస్తాడు. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే క్లచ్ వైపు ఆయిల్ సీలును అనుమానిస్తాడు. అది పాడైతే ఇంజన్ గేర్ ఆయిల్‌ను పీల్చి కాలుస్తుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే ఇంకా ప్రమాదం. బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పల్చబడుతుంది, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పిస్టన్ పట్టేసిందని కొత్త పిస్టన్ వేసి, సీలు వదిలేస్తే అదీ పట్టేస్తుంది. జబ్బు ఒకచోట, నొప్పి ఒకచోట అన్నమాట.

హెడ్డు తీశాక పిస్టన్ తల మీద, ఎగ్జాస్ట్ పోర్టులో పేరుకున్న మసి గీకుతారు. తర్వాత బోరు కొలత. ఈ ఇంజన్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50 మిల్లీమీటర్లే. లెక్క కడితే 98 సీసీ వస్తుంది. గోడ అరిగితే సిలిండరును లేతుకు పంపి బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. ఈ సైజులు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ పడితే ఇంజన్ 100 సీసీకి చేరుతుంది. అంటే పేరులోని నూరు అంకె ఈ బండికి అరిగి, బాగుపడ్డాకే నిజంగా దక్కుతుంది.

బోరు కొట్టడంలో కొలత వెంట్రుకవాసి తప్పినా చెల్లదు. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. బిగువైతే వేడికి పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది, వదులైతే చప్పుడు చేస్తుంది. రింగులు ఎక్కించేటప్పుడు వాటి కొసలు పిస్టన్ గాడిలోని చిన్న పిన్ను దగ్గర కుదరాలి. లేకపోతే రింగు తిరిగి, కొస పోర్టులో చిక్కుకుని విరుగుతుంది. ఇంత పనీ అయ్యాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బండిని మెల్లగా, ఒకే వేగంలో ఎక్కువసేపు పెట్టకుండా నడపాలి. రింగులు గోడకు అమరడానికి ఆ సమయం కావాలి. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన బండిని చేతికొచ్చాక మెల్లగా నడపడం కష్టమే. కానీ ఆ రోజుల్లోనే దాని ప్రతి చప్పుడూ చెవికి అలవాటవుతుంది.

పోర్టులు గీకడం మరో విద్య. కాస్టింగులో మిగిలిన గరుకులను నునుపు చేసి, సిలిండరుకూ గ్యాస్కెట్‌కూ అంచులు కలిపితే మిశ్రమం సాఫీగా పారుతుంది. అక్కడితో ఆగాలి. ఆశ పడి పోర్టు ఎత్తు పెంచితే పై వేగంలో ఊపు పెరుగుతుంది గాని కింద లాగుడు చస్తుంది. సంతకు బియ్యం బస్తా కట్టుకెళ్ళే ఊళ్ళో కింద లాగుడే కావాలి. పైగా గీకేసిన లోహం తిరిగి రాదు.

కార్బరేటరు పనికి పరీక్ష ప్లగ్గే. కొంత దూరం నడిపి ప్లగ్గు విప్పితే దాని కొస లేత గోధుమరంగులో ఉండాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. దాన్ని బట్టి జెట్టు మార్చడమో, సూది క్లిప్పును ఒక గాడి జరపడమో చేస్తారు. ఇది ఎవరైనా ఇంటి వాకిట్లో నేర్చుకోగల పని. బండి మనతో మాట్లాడడం ఇక్కడే మొదలవుతుంది.

సైలెన్సరు కోయకండి

కుర్రాళ్ళు మొదట చెయ్యి పెట్టేది సైలెన్సరు మీదే. లోపలి బాఫిల్ పీకేసి చప్పుడు పెంచితే శక్తి పెరిగిందనుకుంటారు. టూ స్ట్రోక్‌లో సైలెన్సరు చప్పుడు తగ్గించే గొట్టం మాత్రమే అయితే ఆ లెక్క సరిపోయేది. నిజానికి అది ఇంజన్‌లో భాగం.

మంట అయ్యాక వాయువు ఒక ఒత్తిడి అలగా గొట్టంలోకి దూసుకెళ్తుంది. గొట్టం వెడల్పయ్యే చోట ఆ అల వెనక్కి ఒక పీల్పు పంపుతుంది. కాలిన వాయువును బయటికి లాగడానికి అది సాయపడుతుంది. గొట్టం మళ్ళీ సన్నబడే చోట ఒత్తిడి తిరిగి వచ్చి, తప్పించుకుపోతున్న కొత్త మిశ్రమాన్ని ఎగ్జాస్ట్ పోర్టు మూసుకునే లోపు సిలిండరులోకి నెడుతుంది. గొట్టం పొడవు, వాలు మారితే ఈ లెక్క ఏ వేగంలో కుదురుతుందో అదీ మారిపోతుంది.

ఈ విద్యను పండించినవాడు తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఆయన దగ్గర పందేల బళ్ళు నడిపిన ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పోటీ సమయంలో పశ్చిమానికి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీ ఎక్కి గెలిచాడు. ఒక గొట్టం ఆకారం రహస్యం మనిషితో పాటు దేశం దాటిన చరిత్ర ఉంది. అలాంటిదాన్ని హాక్‌సా బ్లేడుతో పది నిమిషాల్లో పాడుచేయడం మహా అన్యాయం. పైగా ఆ చప్పుడు ఊళ్ళో పసిపిల్లలకు, ముసలివాళ్ళకు హింస. మా వైపు మెకానిక్కు అడిగే ప్రశ్న ఒకటుంది: "సౌండు కావాలా బాబూ, లాగుడు కావాలా?" తెలిసినవాడు రెండోదే అడుగుతాడు.

మన దారులకు తగిన మార్పులు

పాతపట్నం చుట్టూ ఒకవైపు వంశధార పల్లం, మరోవైపు మహేంద్రగిరి కొండల వరస. ఈ దారులకు తగ్గ మార్పులే నా దృష్టిలో మంచి మార్పులు. మొదటిది బ్రేకులు. టూ స్ట్రోక్ ఇంజన్ యాక్సిలరేటర్ వదిలినా బండిని పెద్దగా నిలువరించదు, భారమంతా డ్రమ్ములదే. కొత్త లైనర్లు వేసి, డ్రమ్ము గుండ్రం సరిచేయించి, కేబుళ్ళు మార్చాలి. రెండోది చక్రాలు. స్పోకులు సమంగా బిగించి రిమ్ము వంకర తీయించి, మంచి టైర్లు వేస్తే బండి సగం కొత్తదైనట్టే. మూడోది వెలుతురు. పాత వైరింగులో ఇంజన్ వేగాన్ని బట్టి హెడ్‌లైటు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. వైరింగు కొత్తది వేసి, వెలుగు నిలకడగా ఉండేలా చేసుకుంటే వానాకాలం రాత్రిళ్ళు ప్రాణానికి భరోసా.

నడపడంలోనూ ఒక కిటుకు ఉంది. పెట్రోలులో కలిపిన 2టి ఆయిలే ఇంజన్ లోపల జారుడునిస్తుంది. ఘాటీ దిగుతూ గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అందుకే దిగేటప్పుడు మధ్యమధ్య కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ ఉండాలి. ఇది తెలిసినవాడి ఇంజన్ పదికాలాలు ఉంటుంది.

రంగు చివరి మాట. ఎరుపో, నలుపో, నెమలి నీలమో, ఆర్సీలో ఉన్న రంగునే వేయించండి. పెయింటు కంటే ముందు ట్యాంకు లోపలి తుప్పు కడిగించండి. ఆ తుప్పు రవ్వ కార్బరేటరులో పడితే పైన ఎంత మెరిసినా దారి మధ్యలో ఆగాల్సిందే.

దీని విలువ

టూ స్ట్రోక్‌కు ఒక లోపం పుట్టుకతోనే ఉంది. కొంత మిశ్రమం కాలకుండానే బయటికి పోతుంది, ఆయిల్ పొగవుతుంది. కాలుష్య నిబంధనలు బిగిశాక ఈ ఇంజన్లు తప్పుకోవడం న్యాయమే. అందుకే దీన్ని రోజువారీ పరుగుకు వాడకుండా, ఆయిల్ కొలత ప్రకారం కలుపుతూ, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకుంటూ, అపురూపంగా ఉంచుకోవాలి.

మరి ఉంచుకోవడం దేనికి? చేతి విద్య కోసం. యమహా చరిత్రే దీనికి సాక్ష్యం. 1887లో టొరాకుసు యమహా అనే మనిషి ఒక బడిలోని రీడ్ ఆర్గాన్‌ను బాగుచేసి, దాని లోపలి పనితనం తెలుసుకుని, సొంతంగా ఆర్గాన్లు చేయడం మొదలుపెట్టాడు. యమహా మూడు శ్రుతిదండాల గుర్తు ఆ సంగీత వారసత్వమే. 1955లో యమహా సంస్థ చేసిన మొదటి మోటారు సైకిలు వైఏ-1 కూడా జర్మనీ డీకేడబ్ల్యూ బండిని చూసి నేర్చుకుని చేసినదే. బాగుచేయడం నుంచి తయారుచేయడం పుట్టింది.

మన దగ్గర ఈ విద్య జారిపోయే ప్రమాదం ఉంది. 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య మొదలైన చిన్న రైలు పాతపట్నం మీదుగానే నడిచేది. 2004లో దాన్ని ఆపి, బ్రాడ్‌గేజ్ వేశారు. ఆ చిన్న పట్టాల మీద ఆవిరి ఇంజన్లకు మరమ్మతు చేసిన చేతులు ఇప్పుడు వెతికినా దొరకవు. చెవితో ఇంజన్ జబ్బు చెప్పే టూ స్ట్రోక్ మెకానిక్కులూ పెద్దవాళ్ళవుతున్నారు. వాళ్ళ దగ్గర పని నేర్చే కుర్రాడికి రోజూ వచ్చేవి కంప్యూటరు తగిలించి చూసే బళ్ళే. మన పాత బండి షెడ్డుకు వెళ్ళినప్పుడే ఆ కుర్రాడికి బోరు కొలవడం, ప్లగ్గు రంగు చదవడం నేర్చుకునే వీలు చిక్కుతుంది.

50 ఏళ్ళు దాటిన బళ్ళను వింటేజ్ వాహనాలుగా, వీఏ అనే అక్షరాలతో ప్రత్యేకంగా రిజిస్టరు చేసేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. మొదటి ఆర్ఎక్స్ 100లకు ఆ వయసు 2035లో వస్తుంది. అప్పటికి బండ్లు మిగిలితే చాలదు, వాటిని విప్పి బిగించగలవాళ్ళు మిగలాలి. అందుకే కొనుక్కున్నవాళ్ళందరికీ నా మనవి: ఇంజన్ దింపే రోజున బండి వదిలేసి ఇంటికి రాకండి. పక్కన కూర్చోండి, అడగండి, వీలైతే మీ పిల్లవాణ్ణీ వెంట తీసుకెళ్ళండి. మేస్త్రీ అడిగిన కూలికి బేరమాడకండి. ఇన్నాళ్ళూ కోరుకున్న బండితో పాటు దాన్ని బతికించే విద్య కూడా అప్పుడే మన ఇంటికి వస్తుంది.