పది, పదహారు, పది

అష్టాచెమ్మ ఆడినవాళ్లకు గవ్వల తీరు బాగా తెలుసు. నాలుగు గవ్వలు విసిరితే రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడటం మామూలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అవి ఎప్పుడో గానీ రావు. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, మొత్తం 16 తీర్లలో రెండు పడేవి 6, చెమ్మ 1, అష్ట 1. నడుమ ఎత్తుగా, అంచుల్లో పలుచగా ఉండే ఈ లెక్క మీదే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం నిలబడింది. కోస్గిలో కూర్చుని ఫోన్‌లో ఈ ఆటలు మొదలుపెట్టాలనుకునేవాళ్లు వందల పేజీల నియమాల జోలికి పోకముందు ఈ ఒక్క కీలు చూడాలి.

పైకి చూస్తే ఆటంతా మాటలే. నలుగురైదుగురు కూడతారు. అందులో ఒకరు గేమ్ మాస్టర్: కథలోని లోకాన్ని వర్ణించేది, దారిలో ఎదురయ్యే మనుషుల తరఫున మాట్లాడేది వాళ్లే. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఆ పాత్ర బలాలూ బలహీనతలూ అంకెల్లో రాసి ఉండే కాగితం క్యారెక్టర్ షీట్. తన పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు, దాంతో ఏం జరిగిందో మాస్టర్ చెబుతారు. బజారుకు పోవడానికీ తలుపు తీయడానికీ పాచికలు అక్కర్లేదు. ఏమవుతుందో తెలియని చోట, ఎటు తిరిగినా కథ మారే చోట మాత్రమే పాచికలు వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ రకం ఆటలు అచ్చులోకి వచ్చాయి.

ఆ ఆట ఇప్పటి రూపంలో ముఖ్యమైన పాచికకు 20 ముఖాలు. ఒకటి పడ్డా, పది పడ్డా, ఇరవై పడ్డా అవకాశం ఒకటే, 5 శాతం. ఇక్కడ నడుమ ఎత్తు లేదు. పరిస్థితి అనుకూలంగా ఉన్నప్పుడు రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోమంటుంది. దాంతో ఇరవై పడే అవకాశం 9.75 శాతానికి చేరుతుంది. కూడికల పట్టికలేవీ లేకుండా ఒక్క పాచిక చేర్చి పని జరిపించడం చక్కని ఉపాయం.

నా మనసు మాత్రం 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ దగ్గర ఆగిపోతుంది. అందులో ఉన్నవి రెండు మామూలు ఆరుముఖాల పాచికలే. రెండింటినీ కూడి, పాత్ర నేర్పును బట్టి ఒక చిన్న అంకె కలపాలి. మొత్తం 10 గానీ ఆపైన గానీ అయితే అనుకున్నది జరుగుతుంది. 6 గానీ అంతకు తక్కువ గానీ అయితే మాస్టర్ కథను చిక్కుల వైపు తిప్పుతారు. 7 నుంచి 9 దాకా అయితే పని అవుతుంది, కానీ ఊరికే కాదు.

ఉదాహరణకు మన వైపు కథే ఒకటి కట్టుకుందాం. వాన రాత్రి, చెరువు నిండి మత్తడి దుంకుతోంది. నీరటి పాత్ర వేసిన ఆటగాడు తూము తెరుస్తానంటాడు. పదకొండు వస్తే తూము తెరుచుకుంటుంది, కట్ట నిలుస్తుంది. అయిదు వస్తే కట్ట జారడం మొదలవుతుంది. ఎనిమిది వస్తే తూము తెరుచుకుంటుంది గానీ కింద కోతకొచ్చిన వరి ఉంది. ఎవరి మడి మునగాలో నీరటే తేల్చాలి. పదకొండులో గెలుపుంది, అయిదులో ప్రమాదముంది. ఎనిమిదిలో ఒక ఊరి పంచాయితీ మొత్తం ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు పాచికలు 36 తీర్లుగా పడతాయి. ఏమీ కలపకపోతే వాటిలో పూర్తి గెలుపు 6, నడిమి మెట్టు 15, ఓటమి 15. ఒకటి కలిపితే 10, 16, 10. రెండు కలిపితే 15, 15, 6. నేర్పు పెరిగేకొద్దీ ఓటములు తగ్గి గెలుపులు పెరుగుతున్నాయి, నడిమి మెట్టు మాత్రం దాదాపు కదలడం లేదు. మూడు కలిపితేనే అది 12కు తగ్గుతుంది. అంటే ఆరితేరిన పాత్రకైనా, కొత్త పాత్రకైనా చిక్కు ముడులు దాదాపు అంతే తరచుగా వస్తుంటాయి. ఈ తూకమంతా ఆ 7, 10 హద్దుల్లోనే ఉంది. పైగా హద్దులు ఎప్పుడూ మారవు కాబట్టి, ఈ పని ఎంత కష్టమని మాస్టర్ ప్రతిసారీ అంకె నిర్ణయించే పని లేదు. కొత్తగా మాస్టర్ అయ్యేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు బల్ల మీది వస్తువులన్నీ తెర మీదికి వస్తాయి. 2012లో మొదలైన రోల్ ట్వెంటీ అనే సైట్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అందులో పటం పేజీ పొరలు పొరలుగా ఉంటుంది: అడుగున నేల, దాని మీద పాత్రల బిళ్లలు, ఆపైన మాస్టర్‌కు మాత్రమే కనిపించే పొర. మాటు వేసిన దొంగను ఆ పొరలో ఉంచి, సమయం వచ్చినప్పుడు బిళ్లల పొరలోకి మారిస్తే చాలు, అందరి తెరల మీదా ఒకేసారి ప్రత్యక్షమవుతాడు. ఎన్ని పాచికలు, ఏం కలపాలి అన్నది చాట్‌లో టైపు చేస్తే ఫలితం అందరికీ కనబడుతుంది, రికార్డుగా మిగులుతుంది.

కొత్తవాళ్లకు నేను ముందుగా చెప్పేది మాత్రం పటాలేవీ లేని రాతపూర్వక ఆట. మెసేజ్‌ల గ్రూపు ఒకటి ఉంటే చాలు. ఒకరు పొద్దున రాస్తారు, ఇంకొకరు పని ముగించుకుని రాత్రి జవాబిస్తారు. నెట్ ఆగినా కథ ఆగదు. ఇందులో మాస్టర్ పనితనమంతా మెసేజ్ చివర తెలుస్తుంది. మంచి మెసేజ్ వర్ణనతో ముగిసిపోదు, ఎవరో ఒకరిని పేరు పెట్టి ఇప్పుడేం చేస్తావని అడుగుతుంది. నియమాల పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నా ఆట కోస్గి మాటలోనే సాగుతుంది, ఎందుకంటే పాచికలకు కావాల్సింది అంకె ఒక్కటే. కథ మొదలయ్యే ముందు ఏ విషయాలు రాకూడదో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. జాన్ స్టావ్‌రోపౌలోస్ ఆలోచించిన ఎక్స్ కార్డు దానికి తోడు: ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే ఎక్స్ అని ఒక్క అక్షరం పెడతారు, కారణం అడగకుండా ఆ సంగతి వదిలేస్తారు.

తోడు ఎవరూ దొరకనివాళ్లకు షాన్ టామ్‌కిన్ 2018లో తెచ్చిన ఐరన్‌స్వార్న్ ఉంది. పీడీఎఫ్ ఉచితం, మాస్టర్ లేకుండా ఒంటరిగానూ ఆడొచ్చు. ఒక ఆరుముఖాల పాచికకు నేర్పు కలిపి, దాన్ని రెండు పదిముఖాల పాచికలతో పోల్చాలి. రెండింటినీ దాటితే గెలుపు, ఒక్కదాన్నే దాటితే నడిమి మెట్టు, ఏదీ దాటకపోతే ఓటమి. ఆ రెండు పదిముఖాల పాచికల మీదా ఒకే అంకె పడితే కథలో ఊహించని మలుపు తేవాలి. పదిసార్లు వేస్తే సగటున ఒకసారి అలా పడుతుంది కాబట్టి, ఒంటరిగా ఆడేవాళ్లకు కూడా తమ కథ ఎటు పోతుందో ముందే తెలియదు.