గార పట్టని పెనం

చెట్టు నుంచి కారే మేపుల్ రసం చూడటానికి మంచినీళ్లలాగే ఉంటుంది. నోట్లో పోసుకుంటే తీపి ఉందా, మనకే అలా అనిపిస్తోందా అని సందేహం వస్తుంది. అందులో చక్కెర 2 శాతం దగ్గర్లో ఉంటుంది. తక్కినదంతా నీరు, ఆ నీటిలో కంటికి కనిపించని పిసరంత ఖనిజ లవణాలు. అమెరికాలోని వెర్మాంట్‌లో, కెనడాలోని క్యూబెక్‌లో పాకం కాచేవాళ్లను సీజనంతా తిప్పలు పెట్టేది ఆ పిసరే.

పాకం అనిపించుకోవాలంటే చక్కెర 66, 67 శాతానికి చేరాలి. అక్కడివాళ్లకు నోటిలెక్క ఒకటుంది. 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కాచాలో తేలుతుంది. 2 శాతం రసమైతే 43 లీటర్లు. అంటే 42 లీటర్ల నీరు ఆవిరైపోవాలి. నీరు పోతుంది కానీ ఖనిజాలు ఎక్కడికీ పోవు. చక్కెరతో పాటు అవీ చిక్కబడతాయి. రసంలోని కాల్షియం, ఆపిల్ పండుకు పులుపునిచ్చే మ్యాలిక్ ఆమ్లంతో కలిసి కాల్షియం మ్యాలేట్‌గా మారుతుంది. పాకం చిక్కబడ్డాక అది ఇక కరిగి ఉండలేదు, సన్నటి రవ్వలా విడిపోతుంది. దాన్ని షుగర్ శాండ్ అంటారు, నైటర్ అనీ అంటారు. కొంత పాకంలో తేలుతుంది, దాన్ని వడకడితే పోతుంది. తక్కినది పెనం అడుగుకు గారలా పట్టేస్తుంది. మన ఇళ్లలో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్ల పొరను తోమినవాళ్లకు దీని మొండితనం చెప్పక్కర్లేదు.

యూరప్ వాళ్లు రాకముందు అబెనాకి, అనిషినాబే వంటి స్థానిక జాతులవాళ్లు భూర్జ చెట్టు బెరడుతో చేసిన పాత్రల్లో రసం పట్టేవారు. ఎర్రగా కాలిన రాళ్లను కొయ్య తొట్లలో వేసి దాన్ని మరిగించేవారు. ఇనుప కళాయిలు తర్వాత వచ్చాయి. 1858లో ఒహాయోకు చెందిన డి.ఎం. కుక్ అడ్డగోడలున్న బల్లపరుపు పెనానికి పేటెంటు తీసుకున్నాడు. నేటి పెనాలది కూడా ఆ దారే. వెనుక పెనం అడుగున లోతైన గాడులుంటాయి, వాటి సందుల్లోంచి మంట సాగుతుంది. ముందు పెనం బల్లపరుపుగా ఉంటుంది, లోపల అరలు. వెనుక నుంచి పలుచటి రసం వచ్చి చేరుతుంటే అది అర తర్వాత అర దాటుతూ చిక్కబడి, చివరి అరలో పాకమై కుళాయి దగ్గరికి వస్తుంది. ఆ రోజు నీరు మరిగే వేడికి పైన మరో 4 డిగ్రీల సెల్సియస్ ఎక్కగానే కుళాయి తిప్పుతారు.

గార ఎక్కువగా పట్టేది ఆ చివరి అరలోనే, పాకం అత్యంత చిక్కగా ఉండే చోట. రోజంతా కాచాక ఖాళీ చేసి వేలితో రాస్తే అడుగు గరగరలాడుతుంది. లేత గోధుమరంగు పొర కనిపిస్తుంది. కింద మంట అలాగే ఉంటుంది కానీ వేడి ఈ పొరను దాటి సరిగా పైకి రాదు. పెనం రేకు మాత్రం కాలిపోతుంది. పాకమూ మాడుతుంది. ఒక్క అరలో మాడితే ఆ వాసన పీపా మొత్తానికి పడుతుంది, ఏ వడపోతా దాన్ని తీయలేదు. రేకు వంగిపోతే ఇంకా ఖర్చు.

అలాగైతే రోజూ కడిగేస్తే పోలేదా? నా దృష్టిలో ఈ పనిలోని నేర్పంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది. అర అరకూ తీపి మెట్లుమెట్లుగా పెరగడానికి కొన్ని గంటల మంట ఖర్చవుతుంది. పెనం వంచేస్తే ఆ మెట్లన్నీ చెదిరిపోతాయి, మళ్లీ మొదటికి రావాలి. సీజన్ చూస్తే నాలుగు నుంచి ఆరు వారాలే. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే చెట్టు కారుతుంది. కారిన రసం నిలవుండదు. తొట్టి నిండుగా ఉన్న రోజున కడగడానికి కూర్చుంటే రసం పులిసిపోతుంది. కడగకుండా లాగిస్తే పాకం మాడుతుంది. గార అన్ని తోటల్లో, అన్ని వారాల్లో ఒకేలా పట్టదు కాబట్టి తేదీలు రాసిపెట్టుకుంటే పని జరగదు. చివరి అర ఉడుకు మందగించిందా, థర్మామీటరు ఉన్నట్టుండి గెంతుతోందా అని కనిపెట్టి ఉండాల్సిందే.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. ప్రవాహం దిశ మార్చే పెనాల్లో ఇవాళ కుడివైపు కుళాయి నుంచి పాకం తీస్తే, తర్వాత ఎడమవైపు నుంచి తీస్తారు. నిన్నటి చిక్కటి అరలోకి ఇవాళ పలుచటి రసం వచ్చి గారను కొంతమేర తనలో కరిగించుకుంటుంది. రెండోది, ముందు పెనాన్ని జోడుగా ఉంచుకోవడం. ఒకటి పొయ్యి మీద కాగుతుంటే మరొకటి పక్కన నానుతుంటుంది. డబ్బు ఖర్చే, కానీ పెద్ద తోటలవాళ్లు దీనికే మొగ్గుతారు.

నానబెట్టడం పెద్ద విద్యేమీ కాదు. సగం ఉడికిన పాకాన్ని శుభ్రమైన బకెట్లలోకి తీసి పెడతారు, అది తిరిగి పెనంలోకే వెళ్తుంది. పెనంలో తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా వదిలేస్తారు. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం ఉన్నవాళ్లకు రసం నుంచి వేరుపడిన దాదాపు స్వచ్ఛమైన నీరు దండిగా ఉంటుంది, ఆ నీటిని వేడిచేసి పోసినా గార చాలావరకు వదులుతుంది. తెల్లారి మెత్తటి పీచుతో తోమితే పొరలుగా ఊడి వస్తుంది. ఇనుప పీచు వాడితే గీతలు పడి, తర్వాత గార ఆ గీతల్నే పట్టుకుంటుంది. సబ్బు జోలికి వెళ్లరు, దాని వాసన పాకంలో తేలుతుంది. క్లోరిన్ బ్లీచ్ స్టెయిన్‌లెస్ స్టీలును గుంటలు పడేలా తినేస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన మందులూ దొరుకుతాయి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోకూడదు. ఏది వాడినా పలుమార్లు నీళ్లతో కడిగి, ఆఖరి నీళ్లలో లిట్మస్ కాగితం ముంచి పులుపు పోయిందని తేలాకే పొయ్యి ఎక్కిస్తారు.

మంట ఉన్నంతసేపూ పెనంలో అంగుళమున్నర, రెండంగుళాల లోతు తగ్గనివ్వరు. నురుగు పొంగితే చిటికెడు వెన్న వేస్తారు. పూర్వం పెనం మీద పంది కొవ్వు ముక్కను దారంతో వేలాడదీసేవారు, పొంగు దాన్ని తాకి అణిగేది. ఇప్పుడు నూనెలు, కొనే మందులు వచ్చాయి. అమెరికాలో ఉంటున్న మన శాకాహారులు సీసా కొనేముందు అడిగి తెలుసుకుంటే తప్పులేదు.

పెనం కింది భాగం వేరే కథ. కట్టెల పొయ్యి అయితే గాడుల సందుల్లో మసి పేరుకుని గారలాగే వేడిని అడ్డుకుంటుంది. బ్రష్షుతో అప్పుడప్పుడూ దులపాలి.

పాత పెనాలను అపురూపంగా దాచుకునేవాళ్లున్నారు, వేలంలో కొనేవాళ్లూ ఉన్నారు. ఆ అభిమానం నాకు అర్థమవుతుంది కానీ ఒక భయముంది. పాతవాటి అతుకుల్లో సీసం కలిసిన టంకం ఉండొచ్చు. వెనిగర్‌లాంటి పులుపు తగిలితే సీసం బయటికొస్తుంది. గార తీయబోయి విషం తెచ్చుకోవడమన్నమాట. అలాంటిదాన్ని గోడకు తగిలించి, వంటకు వెల్డింగ్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు పెనం తెచ్చుకోవడం మేలు.

మొగ్గలు విచ్చేసరికి రసం రుచి చెడుతుంది, సీజన్ ముగుస్తుంది. అప్పుడు చివరి రసాన్ని పారబోయకుండా పెనాల్లోనే వదిలేస్తారు కొందరు. వారాల తరబడి పులిసి అది ఆమ్లంగా మారుతుంది, కొన్న మందు అక్కర్లేకుండానే గారను వదిలిస్తుంది. కంపు మాత్రం భరించాలి. తర్వాత కడిగి, కింది మసినంతా గీకి, పొడిగా ఆరబెడతారు. తడి తగిలిన మసి లోహాన్ని తినేస్తుంది కాబట్టి ఈ పనిని వేసవికి వాయిదా వెయ్యరు. వచ్చే ఏడు నిప్పు రాజేసే ముందు పెనం నిండా నీళ్లు పోసి, అతుకులు కారుతున్నాయేమో చూస్తారు.