పెద్దమనిషి, మధ్యవర్తి: బిడ్డ పక్షాన ఎవరు?

కాపురం చెడితే మన ఊళ్లలో చాలామంది మొదట తొక్కేది పెద్దమనుషుల గడపే. అక్కడ తెగకపోతే పోలీస్ స్టేషన్, ఆపైన ఫ్యామిలీ కోర్టు. కోర్టుకెక్కాక జడ్జి ఆ జంటను మీడియేషన్ సెంటర్‌కు పంపుతారు. అలా ఒకే తగాదా ఇద్దరు మనుషుల ముందుకు వస్తుంది. ఒకరు రెండు కుటుంబాలనూ ఏళ్లుగా ఎరిగిన పెద్దమనిషి. ఇంకొకరు ఆ జంటను అంతకుముందు చూసి ఎరగని, శిక్షణ పొందిన మధ్యవర్తి. ఈ ఇద్దరిలో ఎవరు మెరుగో తేల్చాలంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: విడిపోయే తల్లిదండ్రుల నడుమ బిడ్డకు ఎవరి వల్ల మేలు జరుగుతోంది?

ముందు ఉద్దేశం చూద్దాం. పెద్దమనిషి కూర్చునేది కాపురం నిలబెట్టడానికి. ఆ తపన మంచిదే. కానీ సర్దుకుపొమ్మనే మాట ఎక్కువసార్లు ఆడపిల్లకే వినబడుతుంది. విడిపోక తప్పదని తేలాక చర్చ కట్నం డబ్బు, బంగారం, సామాన్ల మీదికి మళ్లుతుంది. బిడ్డ ఊసు చివర్లో వస్తుంది, అదీ ఎవరి దగ్గర ఉండాలన్నంత వరకే. మధ్యవర్తి పని అది కాదు. కలిసి ఉండాలో, గౌరవంగా విడిపోవాలో ఆ ఇద్దరే తేల్చుకునేలా దారి చూపడం ఆయన పని. తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు, ఉండకూడదు కూడా.

రెండోది, ఎవరి గొంతు వినబడుతుందన్నది. పంచాయితీలో భార్య తరఫున తండ్రో మేనమామో మాట్లాడతారు. నలుగురిలో ఆమె తన మీద పడిన దెబ్బల గురించి చెప్పలేదు, అతను తన అప్పుల గురించి చెప్పలేడు. మధ్యవర్తి ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు, విడివిడిగానూ వింటారు. అక్కడి మాట బయటికి పోకూడదు. రాజీ కుదిరితే ఒప్పంద పత్రం, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్క మాత్రమే కోర్టుకు పంపాలని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పిల్లల కస్టడీ విషయంలో మాత్రం బిడ్డ క్షేమం కోసం, కుటుంబ తగాదాల్లో కోర్టుకు సాయపడే కౌన్సిలర్ ఇచ్చిన నివేదికను కోర్టు చూడవచ్చని 2019లో చెప్పింది. గోప్యత కంటే బిడ్డ బాగే పెద్దదన్న ఈ క్రమం సరైనది.

మూడోది, కాగితం విలువ. పెద్దల ముందు స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు, వాళ్ల కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువైతే తప్ప చెల్లవు. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు చిక్కుల్లో పడతారు. మీడియేషన్ సెంటర్‌లో కుదిరిన రాజీని కోర్టు పరిశీలించి ఆమోదిస్తే దానికి డిక్రీ బలం వస్తుంది.

ఇక బిడ్డ సంగతి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ వయసు దాటినా దాటకపోయినా అన్నిటికన్నా ముఖ్యం బిడ్డ క్షేమమే. మంచి మధ్యవర్తి దీన్ని రోజువారీ బతుకులోకి దించుతారు. బడి ఫీజు ఎవరు కట్టాలి, జ్వరమొస్తే ఎవరికి ఫోను చెయ్యాలి, సంక్రాంతి సెలవులు ఎవరింట్లో, అమ్మమ్మ, నాయనమ్మలను ఎప్పుడు చూడాలి, బిడ్డ పెద్దయ్యాక ఈ ఏర్పాటును ఎప్పుడు మార్చుకోవాలి: ఇవన్నీ రాయిస్తారు. అయితే కేసుల ఒత్తిడిలో పడి, నెలకు ఇన్ని ఆదివారాలని రాయించి చేతులు దులుపుకునే మధ్యవర్తి పెద్దమనిషి కంటే ఏ విధంగానూ మెరుగు కాదు.

పెద్దమనిషి దగ్గర నేర్చుకోదగ్గదీ ఒకటుంది. ఆయన ఊళ్లోనే ఉంటాడు. మాట తప్పినవాణ్ని మర్నాడు నిలదీయగలడు. మధ్యవర్తి బాధ్యత సంతకాలతో ముగిసిపోతుంది. ఆ తర్వాత తండ్రి రాకపోయినా, తల్లి బిడ్డను పంపకపోయినా మళ్లీ కోర్టు మెట్లెక్కడమే దిక్కు. ఆరు నెలలకోసారి ఇద్దరినీ పిలిచి ఏర్పాటు ఎలా సాగుతోందో అడిగే పద్ధతి మీడియేషన్ సెంటర్లలోనూ ఉండాలి.

ఇద్దరికీ వర్తించే హద్దు ఒకటి ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులో 2013లో సుప్రీంకోర్టు, కౌన్సిలర్ల ప్రయత్నం విఫలమైనా, ఇరువురూ ఒప్పుకుంటే మీడియేషన్‌కు పంపాలని ఫ్యామిలీ కోర్టులను ఆదేశించింది. తప్పు చేసినవారు చట్టం నుంచి తప్పించుకోవడానికి దాన్ని వాడుకోకుండా చూడాలని ఆ తీర్పులోనే హెచ్చరించింది. కొట్టేవాడి ఎదుట భయంతో చేసిన సంతకం రాజీ కాదు. అలాంటి చోట మధ్యవర్తి చెయ్యాల్సిన మంచి పని చర్చను ఆపడమే.

బేరీజు వేస్తే మొగ్గు మధ్యవర్తి వైపే. గోప్యత, ఇద్దరికీ సమాన గౌరవం, చట్టబలం ఆయన దగ్గరే ఉన్నాయి. కానీ బిడ్డను వాటాల జాబితాలో చివరి అంశంగా చూసిన రోజున ఆ ఆధిక్యం పోతుంది. విడిపోవాలనుకుంటున్న తల్లిదండ్రులకు ఒక మాట: మధ్యవర్తి కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, కేసు వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు. మొదటి రోజే బిడ్డ గురించి మాట్లాడదామని పట్టుబట్టండి. డబ్బు లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.