పొయ్యిలో కాలు: దయ్యాల సినిమా మీద వాడ మాట

విఠలాచార్య పేరెత్తితే చదువుకున్నోళ్లకు నవ్వొస్తుంది. అట్టకత్తులు, దారానికి వేలాడే అస్థిపంజరాలు, తెరంతా పొగ. సినిమా పండితులు 'జానపద బ్రహ్మ' అని ఒక బిరుదు పడేసి ముందుకు పోతారు. హేతువాద మిత్రులైతే మూఢనమ్మకాలు పెంచే చెత్త అంటారు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం ఉంది. నేల టికెట్టులో కూర్చున్నోడికి బుర్ర లేదు, తెర మీద ఏది చూపిస్తే అది నమ్ముతాడు! ఆ నేల టికెట్టోళ్ల పిల్లలం మేము. కాబట్టి ఈ నాలుగు మాటలు రాయాల్సి వచ్చింది.

కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో మా పెద్దోళ్లు 'జగన్మోహిని' (1978) చూసింది డేరా టాకీసులో, ఇసుక కుప్ప చేసుకుని దానిమీద కూర్చుని. మేము చూసింది కాలనీలో. శివరాత్రికో, పీర్ల పండక్కో చందాలేసుకుని టీవీ, డెక్కు అద్దెకు తెచ్చేవాళ్లు. రాత్రికి మూడు సినిమాలు. ఒకటి దేవుడిది, ఒకటి ఫైటింగులది, మూడోది తప్పకుండా దయ్యాలది. అది నడిరాత్రి దాటినాక వేసేవాళ్లు. నిద్రపోయినోళ్లను కూడా తట్టి లేపేవాళ్లు.

ఆ సినిమా చూసినోళ్లందరికీ గుర్తుండే సీను ఒకటుంది. మోహినీ పిశాచం వంట చేస్తూ కట్టెలకు బదులు తన కాలే పొయ్యిలో పెడుతుంది. కాలు మండుతుంది, వంట ఉడుకుతుంది. కాలనీలో ఈ సీనుకు భయపడింది పిల్లలం మేమే. ఆడోళ్లు పడీపడీ నవ్వినారు. మా జేజి అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది: "దీని పని బాగుండాది గదమ్మా, కంపకు పోయే పని తప్పె!"

ఈ మాట అర్థం కావాలంటే అనంతపురం మెట్ట సంగతి తెలియాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన సగటు లెక్కల్లోనే ఉంటుంది, నేల మీద పడే ఏడాది పడుతుంది, లేని ఏడాది లేదు. చెనిక్కాయ పంట ఎండితే మగోళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఇంట్లో మిగిలిన ఆడోళ్లకు నీళ్లబిందె, కంపమోపు. గ్యాసు పొయ్యిలు రాకముందు ముళ్లకంప కొట్టి, మోపు కట్టి, తలమీద మోసుకురావడం ఎడతెగని పని. ఆసామి గట్టు మీద చెయ్యి వేస్తే తిట్లు పడాల. అట్లాంటి మనిషి, ఒంటినే కట్టె చేసుకున్న ఆడదాన్ని చూసి ఏమనుకోవాల? ఆ నవ్వులో కొంత ఈర్ష్య ఉంది, కొంత ఎగతాళి ఉంది. ఒళ్లు కాల్చుకుని ఇంకొకరికి వండిపెట్టడం తమకు కొత్త కాదన్న ఎరుక కూడా ఉంది. మూఢనమ్మకం మాత్రం మాకు యాడా కనబడలేదు.

నమ్మడం గురించి ఇంకొంచెం చెప్పాలి. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తీసి, అదే చోట మేకను పెట్టి మళ్లీ కెమెరా తిప్పడం: విఠలాచార్య మాయల్లో సగం ఇదే. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1896 నుంచే చేసిన పని. హీరో కాల్షీట్లు ఇవ్వకపోతే కథలో శాపం పెట్టించి అతన్ని చిలకనో మేకనో చేసి షూటింగు కానిచ్చేస్తాడని ఆయన మీద ఒక జోకు ఉంది. నిజమో కాదో గానీ, స్టారు లేకపోయినా సినిమా ఆగదన్న ఆ ధైర్యం మాకు నచ్చుతుంది. ఉడుపి ప్రాంతంలో 1920లో పుట్టి, కన్నడంలో మొదలుపెట్టి తెలుగుకొచ్చి, 1999లో చనిపోయేదాకా ఆయన పేరు నిలబెట్టింది నేల టికెట్టు చిల్లర డబ్బులే. ఈ మాయలు మా జనానికి తెలియవా? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల సీమ మాది. తెర వెనక దీపం ఉందనీ, బొమ్మ వెనక చెయ్యి ఉందనీ తెలిసే తెల్లవార్లూ చూస్తాము. దారం కనబడిందని ఆట చెడిపోదు. దారం కనబడితే పిల్లోళ్లు ఈల వేస్తారు, అంతే.

ఇక అసలు సంగతి, శ్మశానం. దయ్యాల సినిమాలో భయం పుట్టేది యాడ? ఊరు దాటినాక, పొలిమేరలో, చింతచెట్టు కింద, కాటిలో. ఊరోళ్లకు అది రాత్రిపూట పోకూడని చోటు. మాకు అది పని చేసే చోటు. గుంత తవ్వేది మావాళ్లు, తప్పెట కొట్టేది మావాళ్లు, చావు కబురు ఎండలో మోసుకుపోయేది మావాళ్లు. సెకండ్ షో వదిలినాక ఊరోళ్లు వీధి దీపాల కిందుగా ఇళ్లకు పోతే మావాళ్లు గోరీల పక్కగా నడిచి వాడకు పోయేవాళ్లు. తెలుగు సినిమాలో మేము తిరిగే చోటు కథకు నడిబొడ్డుగా కనబడింది ఈ సినిమాల్లోనే. పెద్ద సినిమాలకు మండువా లోగిలి కావాల, పచ్చటి వరిచేలు కావాల. 'హరిశ్చంద్ర' నాటకంలో కాటిసీను కోసం మా సీమ జనం తెల్లారేదాకా కూర్చోవడం వెనకా ఇదే ఉంది. ఆ సీనులో నటులు పాడుతూ వచ్చిన పద్యాలు జాషువావి అని పరవశించిపోయే ఎంతమందికి తెలుసు? ఆ మహాకవిని అంటరానివాడని అవమానించిన సమాజమే ఆయన శ్మశానానికి చప్పట్లు కొట్టింది.

చచ్చినోళ్లు తిరిగొచ్చి లెక్క అడగడం ఈ సినిమాల రెండో ఆకర్షణ. 'జగన్మోహిని'లో వెనకటి జన్మలో మోసపోయిన ఆడది అదే మగాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. కోర్టులో గెలవలేనోళ్లకు ఈ కథ ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా? అమెరికాలో జార్జ్ రొమెరో 1968లో లక్ష డాలర్లు కాస్త దాటిన ఖర్చుతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినాడు. రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లజాతి హీరోను తెల్లారినాక తెల్లోళ్ల గుంపు తుపాకులతో కాల్చేసి, కొక్కేలతో లాగి మంటల్లో వేస్తుంది. అదే ఏడాది మార్టిన్ లూథర్ కింగును చంపినారు. పెద్ద స్టూడియో చెప్పని మాట చవక సినిమా చెప్పింది.

అది చూస్తుంటే మాకు చుండూరు గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6న నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేసిన దళితులను మనవాళ్లు పొలిమేరలో పూడ్చలేదు. ఊరి నడుమ పూడ్చి రక్తక్షేత్రమన్నారు. చచ్చినోళ్లు ఊరి నడుమకొచ్చి కూర్చున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ దయ్యాల కథ తీసే విఠలాచార్య మనకు ఇంకా పుట్టలేదు.

అయితే ఈ సినిమాలను మేము నెత్తిన పెట్టుకోలేము. మోసపోయిన ఆడది మూడు గంటలూ ఆడించి ఆడించి చివరికి ఓడిపోవాల్సిందే. గెలిచేది అమ్మవారిని కొలిచే పతివ్రత. మోసం చేసినోడికి సంసారం దక్కుతుంది, మోహినికి మళ్లీ శ్మశానమే. డబ్బు పెరిగేకొద్దీ ఇది ఇంకా ముదిరింది. 'అరుంధతి' (2009) చూడండి. పేరేమో మా మాదిగోళ్లు తమ ఇంటి ఆడబిడ్డగా చెప్పుకునే అరుంధతిది, కథేమో గద్వాల సంస్థానం దొరసానిది. సీమలో ప్రతి ముసలమ్మా జేజే, తెర మీద 'జేజమ్మ' అని మొక్కించుకునేది ఒక్క కోటలోని ఆమే.

అంతకన్నా ప్రమాదం చేతబడి సినిమా. యండమూరి 'తులసిదళం' మధ్యతరగతి ఇళ్లల్లోకి తెచ్చిన ఆ భయం నవలలు దాటి సినిమాలకెక్కింది. 2021లో వచ్చిన 'మా ఊరి పొలిమేర' కూడా చవకగా తీసినదే, బిగువుగా తీసినదే. కాదనలేము, కదలకుండా చూసినాము. కానీ ఊరు నింద వేసిన మనిషి నిజంగానే చేతబడి చేసినోడే అని ఆ కథ చివరికి తేలుస్తుంది. బయట తెలంగాణ పల్లెల్లో చేతబడి చేసినారని మనుషులను కొట్టి చంపినారు, మంత్రం పలకకూడదని పళ్లు ఊడగొట్టినారు. అట్ల చచ్చినోళ్లలో ముసలి ఆడోళ్లూ, వాడల్లోని మనుషులూ ఎంతమందో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. మోహినిని చూసి నవ్విన జనాన్ని మూఢులన్నోళ్లు ఈ సినిమాకు 'థ్రిల్లర్' అని స్టార్లిచ్చినారు.

మా జేజి 'జగన్మోహిని'ని ఎన్నిసార్లు చూసిందో గానీ చివరిదాకా చూసిన గుర్తు మాకు లేదు. పూజలు మొదలై, పాటెత్తుకుని, పతివ్రత గుడి మెట్లెక్కే చోటికి రాగానే చాప చుట్టుకుని లేచేది. "ఇంకేముంది, కట్టేస్తార్లే దాన్ని" అనుకుంటా ఇంట్లోకి పోయేది. తెల్లారితే కంపకు పోవాల.