గాలి పైపు నిలబెట్టిన ప్రాణం

బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో దిగినవాళ్లకి లెవల్, డిప్, రైజు అంటే చెప్పనక్కర్లేదు. అడ్డంగా సాగేది లెవల్, కిందికి వాలేది డిప్, పైకి తవ్వుకుంటూ పోయేది రైజు. 1907లో ఆస్ట్రేలియాలో ఒక వలస కార్మికుడు బతికి బయటపడ్డ తీరు అర్థం కావాలంటే ఈ మూడో దాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కూల్గార్డీ దగ్గర బోనీ వేల్ అనే చోట బంగారు గని ఉండేది. మార్చి 19న కుండపోత వాన పడి గనిలోకి నీళ్లు దూకాయి. ఇటలీ నుంచి పొట్టకూటికి వచ్చిన మోదెస్తో వరిస్కెట్టి అప్పుడు పదో లెవల్ నుంచి పైకి తవ్విన రైజులో ఉన్నాడు. పైన దారి లేని చోటు అది. బోర్లించిన చెంబును నీళ్లలో ముంచితే లోపలి గాలి ఎలా చిక్కుతుందో, ఆ రైజులోనూ అలాగే చిక్కింది. కానీ చిక్కిన గాలి ఒక్కటే అయితే అది మెల్లగా పాడైపోతుంది. అతని డ్రిల్లు నడవడానికి వేసిన కంప్రెసర్ పైపు అప్పటికే అక్కడిదాకా ఉంది. ఆ పైపులో వచ్చే గాలి ఊపిరికీ పనికొచ్చింది, నీటిని పైకి రాకుండా నెట్టి పట్టడానికీ పనికొచ్చింది. అతను రాతి మీద కొట్టిన చప్పుళ్లు విని పైవాళ్లకి మనిషి బతికే ఉన్నాడని తెలిసింది.

పెర్త్ నుంచి డైవర్లనీ సామగ్రినీ ప్రత్యేక రైలు మోసుకొచ్చింది. లోపలికి వెళ్లినవాడు ఫ్రాంక్ హ్యూస్. స్వయంగా గని కార్మికుడు, డైవింగ్ తెలిసినవాడు. నెత్తిన రాగి హెల్మెట్, కాళ్లకు సీసపు బూట్లు, వెనక గాలి గొట్టం, తాడు. బురదనీళ్లలో కన్ను పనిచేయదు. చేత్తో తడుముకుంటూ పోవాలి. మలుపు దగ్గర గొట్టం నొక్కుకుపోతే ఊపిరి ఆగుతుంది, కాబట్టి దాన్ని అందించే తోటి డైవర్ చేతులు కూడా హ్యూస్ చేతులంత ముఖ్యమే. నాకు ఎక్కువ గౌరవం కలిగేది హ్యూస్ ఓపిక చూసి. హ్యూస్ మళ్లీ మళ్లీ వెళ్లి తిండి, కొవ్వొత్తులు, ఉత్తరాలు అందించాడు. డైవింగ్ తెలియని మనిషిని నీళ్లలోంచి లాక్కురావాలని తొందరపడలేదు. పైన నీళ్లు తోడే పని సాగుతూనే ఉంది. నడవగలిగే మేర నీటిమట్టం తగ్గాక, మార్చి 28న, తానే చేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

వరిస్కెట్టి మళ్లీ గని పనికే వెళ్లాడు. 1920లో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు.

బెల్లంపల్లిలో బాయి పని చేసి రిటైరైన పెద్దలు ఇంకా ఉన్నారు. లోపల గాలి ఏ దారిన వచ్చేదో, ఏ దారిన పోయేదో వాళ్లని అడిగి తెలుసుకోండి.