చెవితో మొదలయ్యే జర్మన్

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో జర్మన్ ఎవరికి కావాలి అని అడిగే రోజులు పోయాయి. నర్సింగ్ పూర్తి చేసిన అమ్మాయిలకు కావాలి. ఎం.ఎస్.కు దరఖాస్తు చేసుకునే ఇంజినీరింగ్ పిల్లలకు కావాలి. భర్త అక్కడ ఉద్యోగంలో ఉండి, వీసా కోసం తొలి మెట్టయిన ఏ1 పరీక్ష రాయాల్సిన కొత్త కోడళ్లకూ కావాలి. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లదే మొదటి స్థానం. భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏటా 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ఆ దేశం 2024లో ప్రకటించింది. వానలు ముఖం చాటేస్తే బెంగళూరు బస్సెక్కడమే తెలిసిన ఈ నేల నుంచి ఇప్పుడు మ్యూనిక్ దాకా దారి పడుతోంది.

ఈ దారి మన జిల్లాకు మరీ కొత్తదేమీ కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ), అనంతపురంలో విదేశీ భాషల బడి పెట్టి పల్లె పిల్లలకు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పించింది. సర్కారు బడిలో చదివిన పిల్లలకు ఇంకో ఖండపు భాష అందుతుందని ముందుగా నమ్మింది వాళ్లు. ఆ నమ్మకం నాకు చాలా విలువైనది. అయితే అందరికీ అక్కడ సీటు దొరకదు, హైదరాబాదు కోచింగుకు డబ్బు ఉండదు. మిగిలింది చేతిలోని ఫోను. ఆ ఫోనులో ఉన్నది తక్కువేమీ కాదు.

జర్మనీ ప్రసార సంస్థ డోయ్‌చె వెల్లె ఉచితంగా పెట్టిన 'నీకోస్ వేగ్' పాఠాలు మొదలుపెట్టేవాళ్లకు నేను చూసినవాటిలో ఉత్తమం. స్పెయిన్ నుంచి వచ్చిన నీకో అనే కుర్రవాడు జర్మనీలో దిగగానే బ్యాగు పోగొట్టుకుంటాడు. అక్కడి నుంచి సినిమాలా సాగే కథ మిమ్మల్ని ఏ1 నుంచి నడిమి స్థాయి బీ1 దాకా తీసుకెళ్తుంది. కొత్త ఊళ్లో భాష రాక తడబడేవాడి కథ కాబట్టి మన పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ఇంకా కావాలంటే యూట్యూబులో 'ఈజీ జర్మన్' ఉంది. వీధిలో జనాన్ని ఆపి మాట్లాడించి, కింద రెండు భాషల్లో అక్షరాలు వేస్తారు. అసలు జర్మన్లు ఎంత వేగంగా మాట్లాడతారో అక్కడ తెలుస్తుంది.

నేను రోజూ చేసే సాధన మాత్రం వేరు. డోయ్‌చె వెల్లెలోనే నెమ్మదిగా చదివే వార్తలు వస్తాయి, పక్కనే వాటి రాతప్రతి కూడా ఉంటుంది. ముందు రాతప్రతి చూడకుండా ఒక వార్త వింటాను. తర్వాత వాక్యం వాక్యం ఆపుకుంటూ కాగితం మీద రాస్తాను. ఆఖరున రాతప్రతితో సరిచూసుకుంటాను. మన బడుల్లో అయ్యవార్లు చేయించిన శ్రుతలేఖనమే ఇది. దీన్ని మించిన పద్ధతి నాకు కనిపించలేదు. యాప్‌లో బొమ్మ మీద నొక్కితే మాట గుర్తుపడతాం గానీ, వాక్యం చెవికి ఎక్కదు.

చెవి విషయంలో తెలుగువాడికి వరం ఉంది. జర్మన్‌లో ష్టట్ అంటే పట్టణం, ష్టాట్ అంటే రాజ్యం. హ్రస్వం, దీర్ఘం తేడాతో పెరిగిన మన చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. అందుకే మొదటి వారాల్లో ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోమంటాను. పెదాలు గుండ్రంగా చుట్టి 'ఈ' అనాల్సిన అచ్చు ఒకటుంది, దానికి మన దగ్గర అక్షరం లేదు. దాన్ని విని, అద్దంలో చూసుకుని నోటికి అలవాటు చేయాల్సిందే.

వ్యాకరణంలోనూ మనకు కలిసొచ్చేవి ఉన్నాయి. 'వైల్ ఇహ్ హోయ్‌టె నాహ్ హౌజె గేయె' అనే ఉపవాక్యంలో మాటల వరస చూడండి: ఎందుకంటే, నేను, ఇవాళ, ఇంటికి, వెళ్తాను. క్రియ మనలాగే చివర. ప్రధాన వాక్యంలో అది రెండో స్థానానికి వస్తుంది, నిజమే. విభక్తులు నాలుగే. ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి అని బడిలో వల్లె వేసినవాళ్లు వాటికి భయపడక్కర్లేదు. ఇన్ని పోలికలు ఉండగా ఇంగ్లీషు వివరణల మీదుగానే జర్మన్‌కు వెళ్లడం వల్ల మన పిల్లలు రెట్టింపు బరువు మోస్తున్నారు. లింగాలు మాత్రం నిజంగా కష్టం. నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోవద్దు, ముందున్న డేర్, డీ, డాస్‌తో కలిపే నేర్చుకోండి.

ఈ రెండు భాషల మధ్య రాకపోకలు పాతవే. జర్మనీలోని హాలె నుంచి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్ట్‌జె మద్రాసులో ఉంటూ తెలుగు నేర్చుకుని, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1740లలో హాలెలో ఆయన తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. అప్పుడు రికార్డింగు లేదు. మనుషుల దగ్గరే నేర్చుకోవాలి. మన సరిహద్దు పల్లెల్లో కన్నడం నేర్చుకునేదీ ఇలాగే. పావగడ సంతకు పోయి వచ్చేవాళ్లు ఏ పుస్తకం చదివారని?

యాప్ తర్వాత యాప్ మార్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చెనిక్కాయ విత్తి మొలకెత్తిందో లేదో అని రోజూ పెరికి చూస్తే పంట వస్తుందా? ఒక పాఠాల వరస, ఒక వినికిడి సాధన, ఒక నిఘంటువు చాలు. పరీక్ష దగ్గరపడ్డాక గోథె ఇన్‌స్టిట్యూట్ సైటులో ఉచితంగా పెట్టిన నమూనా ప్రశ్నపత్రాలు, ఆడియోలు తీయండి. పరీక్ష రాయడానికి మనకు దగ్గర్లో ఉన్నది ఆ ఇన్‌స్టిట్యూట్ వారి బెంగళూరు కేంద్రం, మాక్స్ ముల్లర్ భవన్. నర్సులకు చాలావరకు బీ2 అడుగుతారు. అది కొద్ది నెలల్లో ముగిసే పని అని ఎవరైనా హామీ ఇస్తే డబ్బు కట్టకండి.

తెలుగులో జర్మన్ చెప్పే వీడియోలు కొన్ని వస్తున్నాయి. నాకు కనిపించినవి ఎక్కువగా ఏ1 దగ్గరే ఆగిపోతున్నాయి. జర్మనీలో పనిచేస్తున్న మన నర్సులు, ఇంజినీర్లు ఒక సాయం చేయాలి. బీ1, బీ2 వ్యాకరణాన్ని తెలుగు విభక్తులతో, తెలుగు వాక్యాలతో పోల్చి వివరిస్తూ పది నిమిషాల పాఠాలు రికార్డు చేసి ఉచితంగా పెట్టండి.