కథ ఆగిన చోట పాఠం

ధ్రువుడు తండ్రి తొడ ఎక్కబోయాడు. సవతితల్లి సురుచి చెయ్యి పట్టి లాగేసింది. అయిదేళ్ళ పిల్లాడు ఏడ్చుకుంటూ తల్లి సునీతి దగ్గరికి పరిగెత్తాడు. సరిగ్గా ఇక్కడ హరిదాసు కథ ఆపేస్తాడు. చిడతలు ఆగుతాయి, మృదంగం ఆగుతుంది, హార్మోనియం శ్రుతి ఒక్కటే సన్నగా సాగుతూ ఉంటుంది. దాసుగారు రెండడుగులు ముందుకు వచ్చి మామూలు మాటల్లోకి దిగుతారు. ఇద్దరు భార్యలున్న ఇంట్లో పొలం ఎవరి పేరున రాస్తారు? నోరు విప్పాల్సిన యజమాని మాట్లాడకుండా కూర్చుంటే ఆ పాపం ఎవరిది? పసివాడి చెవిన పడ్డ మాట వాడు ఎన్నేళ్ళు మోస్తాడు? పందిట్లో కొందరు నవ్వుతారు, కొందరు కొంగుతో కళ్ళొత్తుకుంటారు. అప్పుడు గజ్జె ఘల్లుమంటుంది, కథ మళ్ళీ ధ్రువుడు తపస్సుకి వెళ్ళే మధువనం దారి పడుతుంది.

డిగ్రీ మొదటి ఏడాదిలో భారతీయ వారసత్వం, సంస్కృతి అనే పేపరు చదివినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. సింధు నాగరికత, వేదాలు, బౌద్ధం, జైనం, భక్తి ఉద్యమం అన్నీ వరసగా అందులో ఉంటాయి. తప్పేమీ లేదు, విషయమంతా నిజమే. కానీ విద్యార్థి ముఖ్యమైన ప్రశ్నలు నాలుగు చూసుకుని, పరీక్ష రాసి, వేసవి సెలవులకల్లా అంతా మరిచిపోతాడు. సాహిత్యం తెలుగు శాఖకి, మతం చరిత్ర శాఖకి, సంగీతం ఊళ్ళో ఇంకెక్కడో ఉన్న కళాశాలకి పోతాయి. ఈ మూడూ ఒకే నోట, ఒకే రాత్రి, చాపల మీద కూర్చున్న జనానికి చెప్పగలిగిన పద్ధతి ఒకటి విజయనగరంలో రూపు దిద్దుకుంది, అదే హరికథ. హరికథను మనం ‘అంతరించిపోతున్న కళల’ పట్టికలో వేసి జాలిపడుతున్నాం. దాన్ని బోధన పద్ధతిగా చూడాలని నా వాదన. కథ ఎక్కడ ఆపాలో, ఎందుకు ఆపాలో, ఆపినదాన్ని మళ్ళీ ఎలా అందుకోవాలో తెలియడమే ఆ పద్ధతికి ప్రాణం.

1862లో గురజాడ అప్పారావు, 1863లో గిడుగు రామమూర్తి, 1864లో ఆదిభట్ల నారాయణదాసు పుట్టారు. ముగ్గురి జీవితాలూ విజయనగరంతో ముడిపడినవే. గురజాడ, గిడుగు అక్కడ కలిసి చదువుకున్నారు. సంస్కృత కళాశాల 1860 నుంచీ నడుస్తోంది, మహారాజా వారి బడి 1879లో కళాశాల అయింది. ఆనంద గజపతి రాజు కొలువులో సంగీతమూ నాటకమూ ఇంగ్లీషు చర్చలూ పక్కపక్కనే సాగేవి. ‘కన్యాశుల్కం’ 1892లో ఆ ఊళ్ళోనే ఆడారు, 1897లో అచ్చయినప్పుడు గురజాడ దాన్ని ఆయనకే అంకితమిచ్చారు. ఆ కొలువే నారాయణదాసునీ ఆదరించింది. గురజాడ వాడుక భాషకోసం పట్టుబట్టినవారు, నారాయణదాసు అచ్చ తెలుగు మీద ప్రాణం పెట్టినవారు. ఇద్దరినీ ఒకే బల్ల మీద పెట్టి చదివితే మొదటి ఏడాది విద్యార్థికి భాష గురించి వచ్చే ఎరుక ఏ పాఠ్యపుస్తకంతోనూ రాదు.

నారాయణదాసు పుట్టింది బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో. చెన్నపట్నం వైపు నుంచి వచ్చిన భాగవతార్ కథ విని, 1883లో పందొమ్మిదేళ్ళ వయసులో ‘ధ్రువ చరిత్ర’ కట్టి చెప్పారు. కథాకాలక్షేపం ఆయన కనిపెట్టింది కాదు. మహారాష్ట్ర కీర్తన సంప్రదాయం తంజావూరు మీదుగా దక్షిణమంతా పాకింది. నారాయణదాసు చేసింది వేరు. ఇతరుల కీర్తనల్ని అక్కడక్కడ అతికించుకునే పద్ధతి మాని, పద్యం, కీర్తన, వచనం, రాగం, తాళం అన్నీ తానే ఒక్క గ్రంథంగా రచించి, తానే పాడి, ఆడి, వ్యాఖ్యానం చెప్పారు. అంబరీషుడు, గజేంద్రుడు, రుక్మిణి, సావిత్రి, భీష్ముడు, హరిశ్చంద్రుడు అందరి కథలూ ఆయన చేతిలో ఇలాగే తయారయ్యాయి. హరికథా పితామహుడని లోకం ఆయన్ని పిలిచింది ఇందుకే.

హరికథ లోపలి అమరిక చూద్దాం. కథ పరుగెత్తాల్సిన చోట మంజరి ఉంటుంది. మంజరి అంటే ప్రాస నియమం విడిచిన ద్విపద. రెండో అక్షరం కట్టుబాటు లేదు కనక మాట తడుముకోదు, పదిమంది పాత్రలు వచ్చిపోయే సన్నివేశం కూడా నాలుగు నిమిషాల్లో నడిచిపోతుంది. మనసు నిలబడాల్సిన చోట పద్యమో కీర్తనో వస్తుంది. సునీతి దుఃఖానికి ముఖారి, సురుచి కోపానికి అఠాణా ఎత్తుకుంటే, రాగం పేరు తెలియని వాడికి కూడా ఇల్లు రెండుగా చీలిపోయిన సంగతి చెవికి అందుతుంది. శాస్త్రం చెప్పాల్సిన చోట శ్లోకం. దాన్ని ముందు పాడతారు, తర్వాత పదాలు విడదీస్తారు, అన్వయం చెబుతారు, చివర తాత్పర్యం. పాఠశాల పండితులు కావ్యం చెప్పే వరసే ఇది. తేడా ఏమిటంటే అక్కడ నలుగురు శిష్యులుండేవారు, ఇక్కడ వీధి వీధంతా ఉంటుంది.

కథ ఆపి మధ్యలో చెప్పే పిట్టకథ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే దాన్నే చాలామంది తక్కువగా చూస్తారు. నవ్వించడానికి పెట్టిన ముక్క అనుకుంటారు. నా దృష్టిలో దాసుగారి పాండిత్యానికి అసలు పరీక్ష అక్కడే. పురాణం వేల ఏళ్ళ నాటిది, వినేవాళ్ళు ఈ ఊరివాళ్ళు. మధ్యలో దారి వెయ్యాలి. పొందూరులో కథ చెబితే పిట్టకథలో మగ్గం రావాలి, నెల్లిమర్లలో అయితే జనపనార మిల్లు, పలాసలో అయితే జీడిపిక్కల కార్ఖానా, తీరాన అయితే వలా తెప్పా. ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ ఆపిన మాట దగ్గరికే తిరిగి రావాలి. అలా రానివాడు కబుర్లు చెప్పినట్టే, కథ చెప్పినట్టు కాదు. అందుకే ఒకే ‘ధ్రువ చరిత్ర’ రెండు ఊళ్ళలో రెండు రకాలుగా వినిపిస్తుంది. గ్రంథం మారదు, దాని పక్కన పెట్టే జీవితం మారుతుంది. ఒక మూలగ్రంథాన్ని ఒక కాలానికి, ఒక సమాజానికి ఎదురుగా నిలబెట్టి చదవడం అని ఇవాళ విశ్వవిద్యాలయాల్లో అంటున్నది దీన్నే.

పందిట్లో దాసుగారు ‘శ్రీమద్రమారమణ గోవిందో హరి’ అనగానే జనం ‘గోవిందా’ అని అందుకుంటారు. నిద్రమత్తు వదిలించడానికే అనుకునేవారున్నారు. అది ఒక లెక్క కూడా. ఆ జవాబులో ఎంత బలముందో చూసి, చెప్పింది తలకెక్కిందా, ఇంకోసారి వివరించాలా అన్నది దాసుగారు గ్రహిస్తారు. తరగతి గదిలో మనం ‘అర్థమైందా?’ అని అడుగుతాం, పిల్లలు తల ఊపుతారు, మనకేమీ తెలియదు.

శరీరాన్ని కూడా వదలకూడదు. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. నారాయణదాసు రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా కలిపి ఒకేసారి అయిదు తాళాలు చూపించేవారు, పంచముఖి అన్న బిరుదు అలా వచ్చింది. తొంభై రాగాలతో ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ కూర్చారు. ఇవి గారడీలని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. లయ ఒంట్లో ఉన్నవాడే మాటని ఎక్కడ ఆపితే నిలుస్తుందో ఎరుగును.

ఆయన చదువు ఎంత విశాలమో చూస్తే, మతం గురించి పిల్లలకి ఎలా చెప్పాలన్న దానికి దారి దొరుకుతుంది. 1922లో వచ్చిన ‘నవరస తరంగిణి’లో షేక్‌స్పియర్ నాటకాల నుంచీ కాళిదాసు నుంచీ ఘట్టాలు ఏరి, తొమ్మిది రసాల కింద సర్ది, అచ్చ తెలుగులోకి తెచ్చారు. పడమటి నాటకాన్ని మన రసశాస్త్రం కొలబద్దతో కొలిచిన పని అది. తౌలనిక సాహిత్యమన్న మాట మన కళాశాలల్లో వినబడక ముందు జరిగింది. పదేళ్ళ తర్వాత, 1932లో, ఉమర్ ఖయ్యాం రుబాయీలకి సంస్కృతంలోనూ అచ్చ తెలుగులోనూ అనువాదాలు ప్రకటించారు. ఫిట్జ్‌జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదం ఒక్కదాని మీదే ఆధారపడకుండా పారసీక మూలం దగ్గరికీ వెళ్ళారు. జీవితమంతా హరినామం పాడిన మనిషి, మధుపాత్రనూ మృత్యువునూ సందేహాన్నీ పాడిన పారసీక కవిని అంత శ్రద్ధగా చదివారు. సొంత విశ్వాసం గట్టిగా ఉన్నవాడు పరాయి మాటని ఎలా వినగలడో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1919లో విజయరామ గజపతి రాజు విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టారు. కొలువులో ఉద్యోగి చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకి చూపు లేదు, అతనికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనలోంచి అది పుట్టిందని చెబుతారు. తొలి అధ్యక్షుడు నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ఆ పీఠం అందుకున్నారు. తర్వాతి కాలంలో వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని అక్కడ చదివిన కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు, ఆయనకి పాఠం చెప్పినవారు సాలూరుకి చెందిన పట్రాయని సీతారామశాస్త్రి. 1974లో కన్నుమూయక ముందు ఘంటసాల పాడిన భగవద్గీత వినని తెలుగు ఇల్లు అరుదు. అందులో శ్లోకం పాడి, ఆగి, తెలుగు తాత్పర్యం చెప్పి, మళ్ళీ శ్లోకం అందుకుంటారు. విజయనగరం గాలి పీల్చిన గొంతు కనకనే ఆ అమరిక అంత సహజంగా కుదిరిందని నాకనిపిస్తుంది.

హరికథ ఒక్కటే చాలని అనను. సంస్కృతం, శాస్త్రీయ సంగీతం అందుబాటులో ఉన్న కులాలవారికే ఆ వేదిక చాలాకాలం సులువుగా దొరికింది, అదీ మగవాళ్ళకే ఎక్కువ. అయినా ఆడవాళ్ళు ఆ వేదిక మీద నిలబడి తమ స్థానం సంపాదించుకున్నారు. సంస్కృతంలో హరికథ చెప్పే ఉమామహేశ్వరికి 2024లో పద్మశ్రీ వచ్చింది. కానీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇంకో చదువూ ఉంది. గొల్లలు గుండెలకి తప్పెట కట్టుకుని, వరసలు తీరి, గంగమ్మను పాడుతూ అడుగులు వేసే తప్పెటగుళ్ళు ఉన్నాయి. తూర్పు భాగవతం ఉంది. జముకు తంతి గుంజుతూ చెప్పే జముకుల కథ ఉంది. జముకుల కథలో ప్రధాన కథకుడి పక్కన వంతలు నిలబడి మాట అందుకుంటారు, మధ్యలో ప్రశ్న వేస్తారు, ఎగతాళి చేస్తారు. హరిదాసు ఒక్కడే చేసే ఆపడమనే పని ఇక్కడ పంచుకుంటారన్న మాట. ప్రశ్న ఇంకో నోట పుట్టడంతో కథకుడు జవాబు చెప్పుకోక తప్పదు. హరికథలో లేనిది అదే, దాసుగారి ప్రశ్నకి దాసుగారే జవాబిస్తారు.

ఈ రూపానికున్న శక్తి తెలిసే సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ ఉద్యమ కాలంలో జముకుల కథని రైతుకూలీల పోరాటానికి వాడుకున్నారు. 1969లో ఆయన్ని కాల్చి చంపారు. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు జముకునీ ఉత్తరాంధ్ర మాటనీ రాష్ట్రమంతా తిప్పారు. గంగమ్మ, హరి, ఎర్రజెండా... ఒకే గడ్డ మీద, దగ్గర దగ్గర పద్ధతుల్లో, మూడు విశ్వాసాలు జనంతో మాట్లాడాయి. మతం, సాహిత్యం, సమాజం అని మూడు యూనిట్లుగా విడగొట్టి చెబితే ఈ సంబంధం ఎప్పటికీ కనబడదు. ఇందులో ఏ ఒక్కదాన్ని వదిలేసినా ఈ జిల్లాల సంస్కృతి అని చెప్పేది అబద్ధమవుతుంది.

శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్లలో 2008 నుంచీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో సంగీత కళాశాల నడుస్తోంది. ఈ రెంటికీ మధ్య బస్సులో వెళ్ళిరాగలిగినంత దూరమే. మొదటి ఏడాది సంస్కృతి పాఠంలో ఒక యూనిట్‌ని ఇలా నడపొచ్చు. పిల్లల్ని ఒక రాత్రి హరికథకి కూర్చోబెట్టాలి, ఇంకో రాత్రి జముకుల కథకి. నోట్సులో కథ రాయనక్కర్లేదు, కథ ఆగిన చోట్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడ ఆపారు, ఏం చెప్పారు, ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు. తర్వాత పోతన భాగవతంలో ఆ ఘట్టం తీసి, దాసుగారు వదిలేసింది ఏమిటి, కలిపింది ఏమిటి చూడాలి. సునీతి మాట్లాడే చోట పోతన ఏం చేశారు, దాసుగారు ఏం చేశారన్న ఒక్క ప్రశ్నకి నాలుగు తరగతులు పడతాయి. పట్టనివ్వాలి.

పరీక్ష రాతపూర్వకంగా కాక నోటితో పెట్టాలి. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. పురాణమో, ‘కన్యాశుల్కం’లో ఒక రంగమో, ఊళ్ళో అమ్మవారి కథో ఏదైనా ఎంచుకోవచ్చు. అందులో తప్పనిసరిగా ఒక్క పిట్టకథ ఉండాలి, అది విద్యార్థి ఇంట్లోంచో వీధిలోంచో రావాలి, ఆపిన చోటికే తిరిగి చేరాలి. మార్కుల్లో సగం ఆ తిరిగి చేరడానికి ఇవ్వాలి. పక్కన వంతగా ఇంకో విద్యార్థి కూర్చుని, జవాబు ముందే కుదుర్చుకోని ప్రశ్నలు రెండు వెయ్యాలి. పాడలేని పిల్లలు వచనంలోనే చెప్పొచ్చు, అందుకు మార్కులు తగ్గించకూడదు. సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర అమ్మాయి మధువనాన్ని తన భాషలో వర్ణిస్తే, గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ రాసిన సంగతి గుర్తుచేసుకుని, పరీక్ష చేసేవారు ఆమెను ఆపి ఆ మాటలకి అర్థం చెప్పించుకోవాలి, చెప్పిన అర్థాన్ని తమ పుస్తకంలో రాసుకోవాలి.